ఆర్‌బీఐలు చూసి బ్యాటర్‌కి మార్కులు వేసేస్తున్నారా? స్కోర్‌బుక్ రాసే మనిషిగా నా మాట

డల్లాస్‌లో పిల్లల బేస్‌బాల్ టీమ్‌కి కొన్నేళ్ళుగా స్కోర్‌బుక్ రాస్తున్నా, సీజన్ అయిపోయిన ప్రతిసారీ మన తెలుగు పేరెంట్స్ ఎవరో ఒకరు వచ్చి "అన్నా, మావాడికి ఆర్‌బీఐలు ఇన్నేనా, బ్యాటింగ్ వీకా?" అని అడుగుతారు. ఆర్‌బీఐ అంటే రన్స్ బ్యాటెడ్ ఇన్. పక్కనే నిలబడ్డ పిల్లాడి మొహం అప్పటికే చిన్నబోయి ఉంటుంది, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే ఇదంతా రాస్తున్నా.

అపోహ: క్రికెట్‌లో రన్స్ ఎలాగో ఇక్కడ ఆర్‌బీఐలు అలాగ.

వాస్తవం: అస్సలు కాదు. క్రికెట్‌లో కోహ్లీ ఫోర్ కొడితే ఆ నాలుగూ కోహ్లీవే, అవతలి ఎండ్‌లో ఎవరున్నా సంబంధం లేదు. ఇక్కడ మూడు బేస్‌లూ చుట్టి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ తిరిగి తొక్కినోడికి రన్, వాడిని ఇంటికి రప్పించినోడికి ఆర్‌బీఐ. హోమ్ రన్ కొడితే తనని తాను రప్పించుకున్నట్టు లెక్క, మిగతా ఏది కొట్టినా ముందు ఇంకెవరో బేస్ ఎక్కి ఉండాలి.

స్కోర్‌బుక్ రాస్తుంటే ఇది బాగా తెలుస్తుంది. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వైపు మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళే గ్రౌండర్ ఒకటి అనుకోండి, బేస్‌లు ఖాళీగా ఉంటే అది ఉత్త అవుట్, అదే మూడో బేస్‌లో రన్నర్ ఉండి రెండు అవుట్‌లు ఇంకా పడకపోతే, బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర అవుటైనా సరే రన్నర్ ఇంటికొస్తే ఆర్‌బీఐ రాయాలి. బంతి అదే, దెబ్బ అదే. అదే గ్రౌండర్‌కి డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుట్, పడితే రన్ వచ్చినా ఆర్‌బీఐ ఇవ్వం. మూడు బేస్‌లూ నిండి ఉన్నప్పుడు వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే వచ్చే ఫస్ట్ బేస్) దొరికితే బ్యాట్ కదపకుండానే ఒక ఆర్‌బీఐ.

అపోహ: ఒక సీజన్‌లో ఆర్‌బీఐలు వంద దాటితే స్టారే.

వాస్తవం: 1990లో శాన్ డియేగో పాడ్రెస్‌కి ఆడిన జో కార్టర్‌ని చూడండి. 115 ఆర్‌బీఐలు. బ్యాటింగ్ యావరేజ్ (ఇక్కడ హిట్లు ఎంత తరచుగా కొట్టాడన్న లెక్క) మాత్రం 0.232, ఆన్‌బేస్ (ఎంత తరచుగా బేస్ ఎక్కాడన్న లెక్క) 0.290, అంటే పదిసార్లు వస్తే ఏడుసార్లు అవుట్, లీగ్ సగటు కన్నా కింద. మరి అన్ని ఎలా వచ్చాయంటే ఆయనకి ముందు బ్యాటింగ్‌కి వచ్చేది బిప్ రాబర్ట్స్, రాబర్టో అలోమార్, టోనీ గ్విన్ లాంటోళ్ళు, వాళ్ళు బేస్‌లు ఎక్కి కూర్చుంటే ఈయనకి అవకాశాల మీద అవకాశాలు.

ఇంకా మంచి ఉదాహరణ 2018 బోస్టన్ రెడ్ సాక్స్. జేడీ మార్టినెజ్‌కి 130, మూకీ బెట్స్‌కి 80. కానీ ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) ఎవరికిచ్చారు? బెట్స్‌కి. యావరేజ్ 0.346, 32 హోమ్ రన్లు, 129 రన్స్. ఆయన లీడాఫ్, అంటే ఆర్డర్‌లో మొట్టమొదటి బ్యాటర్, మొదటి ఇన్నింగ్స్‌లో ఎప్పుడూ ఖాళీ బేస్‌లే, ఆ తర్వాత కూడా తనకి ముందొచ్చేది ఆర్డర్ చివర్లో ఉండే 8, 9 బ్యాటర్లు. మార్టినెజ్ కూడా చాలా గొప్పగా ఆడాడు, కాదనను, కానీ ఆ యాభై తేడా ఎక్కువగా బ్యాటింగ్ ఆర్డర్‌లో ఎక్కడ నిలబెట్టారన్న దాంట్లోంచి వచ్చిందే.

2004 బ్యారీ బాండ్స్ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. 232 వాక్‌లు, అందులో 120 కావాలని ఇచ్చినవి, అంటే ఈయనకి బంతి వేయడానికే భయపడ్డారు. ఆర్‌బీఐలు 101 దగ్గర ఆగిపోయాయి, వాటిలో 45 తన హోమ్ రన్లకి తనే వచ్చినవి. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఆర్‌బీఐ టాపర్ 131తో విన్నీ కాస్టియా. ఆయన బాండ్స్ కన్నా మంచి బ్యాటర్ అని అప్పుడూ ఎవరూ అనలేదు.

అపోహ: బేస్‌ల మీద మనుషులుంటే కొందరికి పూనకం వస్తుంది, దాన్ని కొలిచేది ఆర్‌బీఐ.

వాస్తవం: ఒక సీజన్‌లో అలా కనిపిస్తుంది, మళ్ళీ ఏడాది చూస్తే ఎక్కువమందికి అది నిలవదు. పైగా రన్నర్ ఫస్ట్‌లో ఉంటే ఫస్ట్ బేస్‌మన్ అతన్ని కనిపెట్టుకుని అక్కడే నిలబడాలి, కుడివైపు గ్యాప్ పెరుగుతుంది, అందరికీ కొంచెం ఈజీ అవుతుంది.

అపోహ: అయితే ఆర్‌బీఐ పనికిరాని లెక్క.

వాస్తవం: అదీ తప్పే. హ్యాంక్ ఆరన్ కెరీర్ మొత్తం 2,297, ఎవరికీ అందని రికార్డు, మామూలు బ్యాటర్‌కి అన్నేళ్ళు మూడు, నాలుగు స్థానాలు ఎవరూ ఇవ్వరు కదా. జరిగింది జరిగినట్టు చెప్తుంది ఆ అంకె, ఎందుకు జరిగిందో చెప్పదు. పిల్లల విషయంలోనైతే నేను ముందు చూసేది ఆన్‌బేస్, తర్వాత స్లగ్గింగ్ (కొట్టిన దెబ్బలు ఎన్ని బేస్‌లు తెచ్చాయన్న లెక్క). పెద్ద లీగ్ వాళ్ళని పోల్చాలంటే డబ్ల్యూఆర్‌సీ ప్లస్ (బ్యాటర్ తెచ్చిన రన్స్ విలువని సగటుతో పోల్చే అంకె) చూడండి, 100 అంటే సగటు బ్యాటర్, గ్రౌండ్ తేడాలు కూడా అందులోనే సర్దేస్తారు.

ఇప్పుడు నేను ప్రతి బాక్స్ మూలన పెన్సిల్‌తో చిన్న అంకె వేస్తున్నా, వాడు బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు బేస్‌ల మీద ఎంతమంది ఉన్నారో. పోయిన సీజన్‌లో మా లీడాఫ్ పిల్లాడి బాక్సుల్లో దాదాపు అన్నీ సున్నాలే. వాళ్ళ నాన్నకి బుక్ చేతికిచ్చా, ఆయన కాసేపు ఆ సున్నాలే చూసి, తర్వాత వాడు ఎన్నిసార్లు బేస్ ఎక్కాడో వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలెట్టారు.