జాఫ్నా తుపాకీ వెనక ఉన్న చినిగిన కాగితాలు

1975 జూలై 27న జాఫ్నా దగ్గర పొన్నాలైలోని వరదరాజ పెరుమాళ్ గుడికి వచ్చిన మేయర్ ఆల్‌ఫ్రెడ్ దురైయప్పను కొందరు కుర్రాళ్లు కాల్చి చంపారు. వాళ్లలో ఒకడు వేలుపిళ్లై ప్రభాకరన్. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. దురైయప్ప కూడా తమిళుడే. కాకపోతే కొలంబోలో అధికారంలో ఉన్న సిరిమావో బండారనాయకే పార్టీ మనిషి.

అణచివేతకు గురైన జాతి విడిపోవడానికి ఆయుధం పట్టడం న్యాయమేనా అనే వాదన ఎక్కడ వచ్చినా శ్రీలంక పేరు వస్తుంది. కొందరు 1983 అల్లర్ల దగ్గర కథ మొదలుపెడతారు, ఇంకొందరు 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగిన శ్రీపెరుంబుదూరు దగ్గర. మొదలు ఎక్కడ పెట్టారో చూస్తే చాలు, వాళ్ల జవాబేమిటో తెలిసిపోతుంది. అసలు కథ ఈ రెండిటికంటే చాలా ముందుది.

1948లో స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే సిలోన్ (నేటి శ్రీలంక) ప్రభుత్వం పౌరసత్వ చట్టం చేసింది. తేయాకు తోటల్లో తరాలుగా పనిచేస్తున్న సుమారు 7 లక్షల మంది తమిళ కూలీలు దాంతో ఏ దేశానికీ చెందని వాళ్లయ్యారు. వీళ్లది కొండ ప్రాంతం. ఉత్తరాన జాఫ్నాలో ఉండే తమిళులకు వీళ్లతో రాకపోకలు తక్కువ. అయినా జాఫ్నా లాయరు ఎస్.జె.వి. చెల్వనాయకం తన పార్టీ నుంచి బయటికొచ్చి 1949లో ఫెడరల్ పార్టీ పెట్టారు. ఈరోజు వాళ్లు, రేపు మనం అన్నది ఆయన భయం. ఆయన అడిగింది వేరే దేశం కాదు, ఒకే దేశంలో ఫెడరల్ పద్ధతి.

భయం నిజం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1956 జూన్‌లో ప్రధాని ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే (సిరిమావో భర్త) సింహళాన్ని ఏకైక అధికార భాష చేశారు. బిల్లు పెట్టిన రోజు పార్లమెంటు పక్కనున్న గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహానికి కూర్చున్న తమిళ నాయకులను గుంపులు వచ్చి కొట్టాయి, పోలీసులు చూస్తూ నిలబడ్డారు. అదే ఏడాది నవంబర్ 1న మన దగ్గర భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి, ఆంధ్రప్రదేశ్ పుట్టింది. పక్కపక్క దేశాలు ఒకే ఏడాది ఒకే సమస్యకు ఎంత వేర్వేరు మందులు వేసుకున్నాయో చూడండి.

ఆ రోజుల్లో సింహళ వామపక్ష నాయకుడు కొల్విన్ ఆర్. డి సిల్వా పార్లమెంటులో హెచ్చరించారు: రెండు భాషలైతే ఒకే దేశం మిగులుతుంది, ఒకే భాష అంటే దేశం రెండవుతుంది అని. తమాషా ఏమిటంటే, 1972లో సింహళానికి రాజ్యాంగ హోదా, బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చి, మైనారిటీలకు పాత రాజ్యాంగంలో ఉన్న రక్షణ తీసేసిన కొత్త రాజ్యాంగాన్ని తయారు చేయించిన మంత్రి కూడా ఆయనే.

ఒప్పందాలు జరగలేదని కాదు. 1957 జూలైలో బండారనాయకే, చెల్వనాయకం కలిసి సంతకాలు పెట్టారు. ప్రాంతీయ మండళ్లు వస్తాయి, భూమి, వ్యవసాయం, చదువు లాంటివి వాటి చేతిలో ఉంటాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించేసరికి ఆయన ఒప్పందాన్ని రద్దు చేశారు. మరుసటి నెలలోనే తమిళుల మీద అల్లర్లు. 1961లో జాఫ్నా కచేరీ (జిల్లా ప్రభుత్వ కార్యాలయం) ముందు వారాల తరబడి సత్యాగ్రహం జరిగింది. సైన్యం దిగింది, నాయకులు జైలుకు వెళ్లారు. 1965లో ప్రధాని డడ్లీ సేనానాయకేతో ఇంకో ఒప్పందం. దానికింద రావాల్సిన జిల్లా మండళ్ల బిల్లును 1968లో వెనక్కి తీసుకున్నారు. ఒక పార్టీ ఒప్పుకుంటే ప్రతిపక్షంలో ఉన్న రెండోది వీధికెక్కేది. పార్టీలు తారుమారైనా ఈ ఆట మారలేదు.

పెద్దవాళ్లకు ఓపిక ఉంది. కుర్రాళ్లకు మాత్రం సీటు పోయింది. 1970ల మొదట్లో యూనివర్సిటీ ప్రవేశాల్లో భాషను బట్టి మార్కులు సవరించే పద్ధతి తెచ్చారు. ఒక ఏడాది మెడిసిన్‌కు సింహళ మీడియం విద్యార్థికి 400కు 229 సరిపోతే తమిళ మీడియం వాడికి 250 కావాల్సి వచ్చింది. చదువు తప్ప వేరే దారి లేదనుకునే ఎండు నేల జాఫ్నా. అక్కడ ఈ 21 మార్కులు చేసిన పని పౌరసత్వ చట్టం కూడా చేయలేదు. 1974 జనవరిలో జాఫ్నాలో జరిగిన ప్రపంచ తమిళ పరిశోధన మహాసభ చివరి రోజున పోలీసులు జనం మీద పడ్డారు. కరెంటు తీగలు తెగి 9 మంది చనిపోయారు. దురైయప్పను చంపిన తరం ఈ వాతావరణంలో తయారైంది.

1976 మేలో వడ్డుకోట్టైలో తమిళ పార్టీలు మొదటిసారి విడి దేశం తీర్మానం చేశాయి. 1977 ఎన్నికల్లో అదే మాట మీద తమిళ పార్టీల కూటమి టి.యు.ఎల్.ఎఫ్. 18 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. దీన్ని ఎవరూ తోసేయలేరు. తుపాకీది పైచేయి కావడానికి ముందు ఓటు అడిగింది. దానికి జవాబుగా వచ్చినవి: అదే ఏడాది ఆగస్టులో అల్లర్లు, 1979లో ఉగ్రవాద నిరోధక చట్టం, 1981లో జాఫ్నా గ్రంథాలయ దహనం. సుమారు 97,000 పుస్తకాలు, తాళపత్రాలతో సహా ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి.

1983 జూలై 23న తిరునెల్వేలిలో పులులు (ప్రభాకరన్ సంస్థ ఎల్.టి.టి.ఇ.) 13 మంది సైనికులను చంపారు (ఇది జాఫ్నా దగ్గరి ఊరు, తమిళనాడుది కాదు). కొలంబోలో మూకలు ఓటర్ల జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్లు వెతికి తగలబెట్టాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు నాలుగు వందల లోపు, ఇతరుల అంచనాలు మూడు వేల దాకా వెళ్తాయి. వెలికడ జైల్లోనే 53 మంది తమిళ ఖైదీలను చంపేశారు. ఇందిరా గాంధీ అప్పటి విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును హుటాహుటిన కొలంబో పంపారు. ఆగస్టులో అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వం చేసిన పని మరీ విడ్డూరం. విడిపోవాలనే కోరికకు మద్దతిచ్చినా నేరమేనని, ఎంపీలు దానికి వ్యతిరేకంగా ప్రమాణం చేయాలని ఆరో సవరణ తెచ్చింది. దాంతో ఎన్నికైన తమిళ ఎంపీలు సభలో లేకుండా పోయారు. పదుల్లోనో వందల్లోనో ఉన్న సాయుధ కుర్రాళ్లు వేలయ్యారు. భారత్ రహస్యంగా శిక్షణ ఇచ్చింది.

ఐక్యరాజ్యసమితి 1970 ప్రకటన దేశాల ఐక్యతను కాపాడుతూనే ఒక మెలిక పెట్టింది. జాతి, మతం, రంగు తేడా లేకుండా ప్రజలందరికీ ప్రాతినిధ్యం ఇచ్చే ప్రభుత్వానికే ఆ రక్షణ అని. 1983 ఆగస్టు నాటి కొలంబో ఈ పరీక్షలో నెగ్గిందని వాదించడం కష్టం. తమిళులు ఆయుధం దాకా వెళ్లడానికి కారణం ఉందా అంటే, ఆ రోజున ఉందనే నేనంటాను.

అయితే ఆ కారణం తమిళ జనానిది. దాన్ని ప్రభాకరన్ తన సొంత ఆస్తి చేసుకున్నాడు. 1986లో పులులు సాటి సాయుధ సంస్థ టెలోను తుడిచిపెట్టి, దాని నాయకుడు శ్రీ సబారత్నాన్ని చంపారు. 1989 జూలైలో అమృతలింగం హతమయ్యారు. 1977లో ఆ 18 సీట్లతో ప్రతిపక్ష నేత అయినాయన ఆయనే. అదే ఏడాది సెప్టెంబర్‌లో జాఫ్నా యూనివర్సిటీ అనాటమీ అధ్యాపకురాలు రజనీ తిరణగామను ఇంటి దగ్గర్లోనే కాల్చేశారు. ఒకప్పుడు పులులకు సాయపడి, తర్వాత అన్ని పక్షాల హింసనూ నమోదు చేయడమే ఆమె తప్పు. 1990 అక్టోబర్‌లో ఉత్తర ప్రాంతం నుంచి 70 వేల పైచిలుకు ముస్లింలను వెళ్లగొట్టారు. జాఫ్నా పట్టణం వాళ్లకు దొరికిన గడువు రెండు గంటలు. వాళ్ల మాతృభాష కూడా తమిళమే.

1987 భారత్–శ్రీలంక ఒప్పందం, మన సైన్యం వెళ్లడం, 1,100 మందికి పైగా జవాన్ల మరణం, రాజీవ్ హత్య మనకు తెలిసినవే. తక్కువగా తలుచుకునేది 2005 శ్రీలంక అధ్యక్ష ఎన్నిక. పులులు ఉత్తర ప్రాంతంలో తమిళులను ఓటు వేయనివ్వలేదు. దాంతో మహింద రాజపక్స సుమారు 1.8 లక్షల తేడాతో గట్టెక్కారు. నాలుగేళ్లకు ముళ్ళివాయ్‌క్కాల్‌లో ఆయన సైన్యం పులులను అంతం చేసింది. చివరి నెలల్లో 40,000 మంది దాకా సామాన్యులు చనిపోయి ఉండవచ్చని ఐరాస నిపుణుల బృందం 2011లో అంది. సురక్షిత ప్రాంతమని ప్రకటించిన చోటే, ఆసుపత్రుల మీద కూడా సైన్యం గుళ్ల వాన కురిపించిందని, పారిపోబోయిన జనాన్ని పులులు కాల్చారని ఆ నివేదికే చెప్పింది.

ఉత్తర రాష్ట్ర మండలికి మొదటి ఎన్నిక 2013లో జరిగింది, 1987 ఒప్పందం వల్ల వచ్చిన, రాష్ట్రాలకు అధికారాలిచ్చే 13వ రాజ్యాంగ సవరణ కింద. దాన్ని పూర్తిగా అమలు చేయమని తమిళ పార్టీలు ఇప్పటికీ అడుగుతున్నాయి. పేచీ అంతా పోలీసు అధికారాల మీద, భూమి మీద. ఇందులో భూమి సంగతి 1957 కాగితంలోనే రాసి ఉంది.