ఇంజిన్ ఆయిల్: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో ఇరవై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్నాను. ఎక్కువగా టూవీలర్లు, అప్పుడప్పుడు చిన్న కార్లు. బోర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, అరిగిపోయి ఇంజిన్ విప్పాల్సి వచ్చినప్పుడు ఆరా తీస్తే, ఎక్కువసార్లు తప్పు ఆయిల్ దగ్గరే బయటపడుతుంది. కష్టపడి కొనుక్కున్న బండి అలా పాడవడం చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది.

వాస్తవం: డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే వింటర్. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం నిలుస్తుందో చెబుతుంది. "మనకి చలెక్కడిది మేస్త్రీ" అంటారు. ఇంజిన్ నడిచే వేడితో చూస్తే మే నెల పొద్దున్న కూడా దానికి చలే. రాత్రంతా ఆయిల్ కిందకు దిగి ఉంటుంది. కిక్ కొట్టగానే పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా ఎక్కాలి. 10డబ్ల్యూ-30 కోసం తయారైన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే అక్కడికి ఆలస్యంగా చేరుతుంది, ఆ కాసేపట్లోనే అరుగుదల. మైలేజీ కూడా తగ్గుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి కంపెనీ 15డబ్ల్యూ-50 చెప్పింది, దానికి అదే పొయ్యాలి. ఏ బండికి ఏది అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లకు ఆయిల్ పోసే మూత మీదే రాసి ఉంటుంది.

అపోహ: కారు ఆయిల్ ఖరీదైనది, బైక్‌కి పోస్తే ఇంకా మంచిది.

వాస్తవం: ఆమదాలవలస నుంచి ఒకాయన బైక్ తోసుకుంటూ వచ్చారు. "బండి అరుస్తంది గానీ పరిగెట్టడం నేదు" అన్నారు. క్లచ్ కవర్ విప్పితే ప్లేట్లు నల్లగా కాలి, చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. ఇంట్లో కారుకు పోయగా మిగిలిన ఆయిల్‌ని బైక్‌లో పోశారట. బైక్‌లో ఇంజిన్, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో, ముఖ్యంగా పల్చటి రకాల్లో, రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. క్లచ్ పట్టు నిలవాలంటే ఆ రాపిడే కావాలి. అందుకే గేర్ల బైక్‌కి డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ళ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని చూడండి. స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి దానికి ఎంబీ. స్కూటర్ డబ్బా తెచ్చి బైక్‌లో పోసినా ఇదే గొడవ.

బీఎస్6 డీజిల్ కారున్నవాళ్ళకు ఒక్క మాట. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉంటే, బూడిద తక్కువ వదిలే ఆయిలే పొయ్యాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తూ పోతే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది.

అపోహ: ఆయిల్ నల్లబడిందంటే పాడైపోయినట్టే.

వాస్తవం: మసిని కడిగి తనలో పట్టి ఉంచడం ఆయిల్ పని. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. భయపడాల్సిన రంగు వేరే ఉంది. డిప్‌స్టిక్‌కి, అంటే ఆయిల్ ఎంతుందో చూసే పుల్లకి, మజ్జిగలాంటి తెల్లటి నురగ అంటిందంటే లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు నుంచి వచ్చిన బళ్ళలో ఇదే చూశాను. నీట మునిగిన బండిని దయచేసి స్టార్ట్ చేయకండి, తోసుకునే తీసుకురండి.

అపోహ: బండి తక్కువ తిరిగింది, ఆయిల్ మార్చక్కర్లేదు.

వాస్తవం: అరసవల్లి నుంచి ఏడు రోడ్ల కూడలికి, మళ్ళీ ఇంటికి. రోజూ ఇంతే తిరిగే బండి సరిగ్గా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అలాంటి బండికి కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారైనా మార్చాలి. టెక్కలి గ్రానైట్ క్వారీల దగ్గర దుమ్ములో తిరిగేవాళ్ళు మాన్యువల్‌లో చెప్పిన గడువుకన్నా ముందే మార్చుకోవాలి, ఎయిర్ ఫిల్టర్ కూడా చూపించుకోవాలి. అలాగని ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ మార్చడం డబ్బు దండగ.

సింథటిక్, అంటే ప్రత్యేకంగా శుద్ధి చేసి తయారుచేసిన ఖరీదైన ఆయిల్, ఒకసారి పోస్తే మళ్ళీ మామూలుది పోయకూడదన్నది కూడా అపోహే. గ్రేడు, అంటే 10డబ్ల్యూ-30 లాంటి అంకెలు, మాన్యువల్‌తో సరిపోతే చాలు.

అపోహ: షోరూంలో అయితేనే మంచిది. లేదా, షోరూం వాళ్ళు దోచేస్తారు, బయటే మంచిది.

వాస్తవం: రెండు చోట్లా బాగా చేసేవాళ్ళున్నారు. వారంటీ ఉన్నంతకాలం షోరూంకే వెళ్ళండి, బిల్లులు దాచుకోండి. తర్వాత ఎక్కడైనా సరే, పక్కన నిలబడి చూడండి. ఇంజిన్ కాస్త వేడెక్కాక పాత ఆయిల్ దించాలి, చివరి బొట్టు దాకా కారనివ్వాలి. డ్రెయిన్ బోల్టుకి వాషర్ అరిగితే కొత్తది వెయ్యాలి. డబ్బా సీలు మీ ఎదురుగానే తియ్యాలి. డ్రమ్ములోంచి జగ్గుతో పోస్తామంటే వద్దనండి. 900 మిల్లీలీటర్లు పట్టే ఇంజిన్‌లో లీటరు డబ్బా మొత్తం వంచెయ్యకూడదు, ఎక్కువైనా నష్టమే.

అయిపోయాక మెయిన్ స్టాండ్ వేయించి, మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, రెండు నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి గీత చూడండి. ఖాళీ డబ్బాకి మీ ఎదురుగానే మేకుతో కన్నం పెట్టించండి, నకిలీ ఆయిల్ నింపడానికి ఇంకెవరికీ పనికిరాదు. నా షెడ్డులో అడగకపోయినా నేనే పెట్టి ఇస్తాను.