పాత కారుతో కొండ దిగే ముందు

తిరుమల నుంచి కారులో కిందికి రావడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్నది టీటీడీ పెట్టిన నిబంధన. ఎక్కడానికైతే 28 నిమిషాలే. దిగడం తేలికే కదా, దానికింత టైమెందుకని చాలామంది విసుక్కుంటారు. మలుపుల్లో ప్రమాదాలు తగ్గించడానికి పెట్టినదే అయినా, బ్రేకుల వైపు నుంచి లెక్క వేసి చూసినా అది సబబే.

కొండ పైకీ, కిందికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. నలుగురు కూర్చున్న చిన్న కారు 1200 కిలోలు తూగుతుందనుకుందాం. అంత బరువు అంత కిందికి దిగేసరికి 82 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. 28 లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచడానికి అది చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న అదే కారును ఒకసారి పూర్తిగా ఆపితే పుట్టే వేడి 1.67 లక్షల జౌళ్లు. ఆ లెక్కన ఒక్కసారి కొండ దిగితే, 60లో వెళ్తూ దాదాపు 50 సార్లు బ్రేకు వేసి ఆపినట్టే. ఇందులో కొంత భాగాన్ని ఇంజనూ, గాలీ, టైర్లూ పంచుకుంటాయి. సెకండ్ గేర్‌లో దిగితే ఇంజన్ వాటా బాగా పెరుగుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే ఆ వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది. ఇంజనే ఆపేసే మహానుభావులూ ఉన్నారు. అప్పుడు బ్రేక్ బూస్టర్‌లో (ఇంజన్ వాక్యూమ్‌తో మన కాలి ఒత్తిడిని పెంచే భాగం) మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

20 నిమిషాల్లో దిగినా, 40 నిమిషాల్లో దిగినా మొత్తం శక్తి మారదు. మెల్లగా దిగితే నిమిషానికి పుట్టే వేడి సగమవుతుంది, డిస్కులు గాలికి చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో 30 దాటని కారుకు అరిగిన బ్రేకులు కూడా సరిపోతున్నట్టే ఉంటాయి. భాకరాపేట ఘాట్‌లోనో, పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లోనో అసలు సంగతి తేలుతుంది.

బ్రేకులనగానే షెడ్డులో మొదట ప్యాడ్ల (డిస్కును అదిమి పట్టే పలకల) మాటే వస్తుంది. పాత కారుకు ముందుగా అడగాల్సింది బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని, నా ఉద్దేశంలో. అందరూ ఆయిల్ అంటారు గానీ అది నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. రబ్బరు హోసుల గుండా కూడా గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అన్నవి బ్రేక్ ఆయిల్‌లో రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కైతే ఇవే అంకెలు 230, 155. దిగుడులో, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ వేడెక్కి లోపలి ఆయిల్ మరిగిందంటే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. కాలి ఒత్తిడంతా బుడగలను నలపడానికే సరిపోయి పెడల్ కిందికి దిగిపోతుంది. చిక్కేమిటంటే, అలిపిరికి వచ్చి అరగంట ఆగితే బుడగలు మళ్లీ ద్రవమవుతాయి, పెడల్ మామూలైపోతుంది. మర్నాడు మెకానిక్ తొక్కి చూసి అంతా బాగానే ఉందంటాడు. అందుకే దిగేటప్పుడు ఏం జరిగిందో గుర్తుపెట్టుకుని చెప్పాలి. పెడల్ మెత్తబడిందంటే ఆయిల్ మీద అనుమానం. పెడల్ గట్టిగానే ఉండి, కాలిన వాసన వస్తూ బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయాయని అర్థం. చాలా కార్లకు రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చమంటారు. పాటించేవాళ్లు తక్కువ.

బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. మట్టం మెల్లగా తగ్గుతూ వస్తుంటే ప్యాడ్లు అరుగుతుండొచ్చు. ప్యాడ్ అరిగిన కొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఎక్కడో లీకే. ఇంజన్ ఆన్‌లో ఉండగా పెడల్ నొక్కి అర నిమిషం అలాగే ఉంచండి. కాలి కింద నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే భాగం) సీళ్లు పోయుండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. బూస్టర్‌కు వేరే పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి జారాలి. జారకపోతే బూస్టర్ పనిచేయడం లేదు.

ముందు చక్రాల ప్యాడ్లను ఫోన్ టార్చ్‌తో అలాయ్ చక్రం సందుల్లోంచి చూడొచ్చు. కొత్తదాని మందం 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చాలి. బయటి ప్యాడ్ ఒక్కటే చూసి నమ్మొద్దు. కాలిపర్ పిన్నులు బిగుసుకుంటే లోపలిదే ముందు అరుగుతుంది. కాసేపు తిరిగొచ్చాక చక్రాల దగ్గర, తాకకుండా, అరచెయ్యి పెట్టి చూడండి. ముందు రెండింటిలో ఒకటే బాగా కాగిపోతుంటే ఆ వైపు బ్రేకు పట్టేసి వదలడం లేదు. వెనుక డ్రమ్ము బ్రేకుల్లో ప్యాడ్లకు బదులుండే షూలు విప్పితే గానీ కనబడవు. ఆ దుమ్మును నోటితో ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

బ్రేకుల్లో వెతికేది వేడిని, స్టీరింగ్‌లో వెతకాల్సింది సందును. ఇంజన్ ఆన్ చేసి, చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. టైరు కదలకుండా స్టీరింగ్ అంచు 30 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఆడుతుంటే చాలా కార్లలో అది మితిమీరిన ప్లే, అంటే వదులు. ఆ సందు ఎక్కడుందో తెలియాలంటే జాకీ ఎత్తాలి. చదునైన నేల మీద, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కారు కింద స్టాండు కూడా ఉంచాలి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి కింద దూరడం ప్రాణాలతో చెలగాటమే.

ఎత్తిన చక్రాన్ని ఎడమ, కుడి అంచుల్లో పట్టుకుని ఊపితే టకటకమంటే ఎక్కువగా టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ చివరి కీలు) గానీ, స్టీరింగ్ రాక్ (ఆ కడ్డీలను అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ) గానీ అరిగినట్టు. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడిందంటే బాల్ జాయింటో (చక్రాన్ని కారు కిందుండే లోయర్ ఆర్మ్‌కు కలిపే కీలు), వీల్ బేరింగో తేల్చుకోవాలి. దీనికి చక్కటి ఉపాయముంది. ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమని, మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు డిస్కునూ దాన్ని మోసే నకిల్‌నూ కాలిపర్ ఒక్కటిగా బిగించేస్తుంది కాబట్టి, వాటి మధ్యలో ఉన్న బేరింగ్ సందు మాయమవుతుంది. ఊపు ఆగిపోతే తప్పు బేరింగ్‌ది. ఇంకా ఆడుతుంటే బాల్ జాయింట్‌దో, లోయర్ ఆర్మ్‌ను కారుకు బిగించే రబ్బరు బుష్‌దో. పైసా ఖర్చు లేని పరీక్ష, షెడ్డులో అనవసరంగా బేరింగ్ మార్పించుకోకుండా కాపాడుతుంది.

టైరు మీద అరచేతిని అడ్డంగా అటొకసారి, ఇటొకసారి రాయండి. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపంలా గీసుకుంటే టో కోణం (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. వెంటనే అలైన్‌మెంట్‌కు (ఆ కోణాన్ని సరిచేయించడానికి) పరుగెత్తకండి. అరిగిన టై రాడ్ ఎండ్‌తో చేయిస్తే మిషన్ మీద కొలతలు సరిగ్గానే వస్తాయి, మొదటి గుంతలో పడగానే మారిపోతాయి. ఎండ్ మార్చాకే అలైన్‌మెంట్ చేయించాలి, ఎందుకంటే టో కోణాన్ని నిర్ణయించేది టై రాడ్ పొడవే. తెలిసిన మెకానిక్ పాత ఎండ్‌ను ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టుకుని, కొత్తదాన్ని అన్నే చుట్లు బిగిస్తాడు. అలైన్‌మెంట్ షాపు దాకా నడుపుకుంటూ వెళ్లడానికి అంత చాలు.