పేగుల్లో దాయాదుల పోరు: బ్యాక్టీరియా చేసే ప్రోటీన్లపై అపోహలు - వాస్తవాలు

మా ల్యాబ్‌లో రోజూ చేసే పరీక్ష ఒకటుంది. అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటు మీద ఒక రకం బ్యాక్టీరియాను పలుచగా పరిచి, మధ్యలో ఇంకో రకం చుక్క పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. పొద్దున చుక్క చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తే, అది ఏదో చంపే పదార్థం వదులుతోందన్నమాట. ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము కలిపి మళ్లీ చూస్తాం. ఈసారి ఖాళీ రాకపోతే ఆ పదార్థం ప్రోటీనే. వీటిని బ్యాక్టీరియోసిన్లు అంటాం. మన పేగుల్లోని బ్యాక్టీరియా కూడా వీటిని తయారుచేస్తాయి.

అపోహ: మంచి బ్యాక్టీరియా మన తరఫున చెడ్డవాటితో పోరాడతాయి.

వాస్తవం: వాటి పోరు తిండి కోసం, చోటు కోసం. అదీ ఎక్కువగా దాయాదులతోనే. అదే చోటు, అదే తిండి కావాల్సింది దగ్గరి బంధువుకే కదా! 1925లో బెల్జియం శాస్త్రవేత్త ఆండ్రే గ్రాషియా గమనించింది ఇదే: ఈ.కొలి అనే పేగు బ్యాక్టీరియాలో ఒక రకం ఇంకో రకాన్ని చంపుతోంది. ఆ ప్రోటీన్లకు తర్వాత కొలిసిన్లు అని పేరొచ్చింది. చాలా కొలిసిన్లు బయటికి రావాలంటే తయారుచేసిన కణమే పగిలిపోవాలి. అది చచ్చిపోతుంది. దాని తోబుట్టువులు మాత్రం తమలో ఉన్న విరుగుడు ప్రోటీను వల్ల బతికి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి.

బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అనే పేగు బ్యాక్టీరియాలో 2014లో బయటపడిన బీఎస్ఏపీ-1 అనే ప్రోటీన్ కూడా సొంత జాతిలోని వేరే రకాలనే చంపుతుంది. మన రోగనిరోధక కణాలు చిల్లులు పెట్టడానికి వాడే పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌లోని భాగాన్ని పోలిన భాగం దీనిలోనూ ఉంది. నాకు ఇప్పటికీ ఇది ఆశ్చర్యమే.

అపోహ: ఇవీ యాంటీబయాటిక్స్ లాంటివే, దొరికినదాన్నల్లా చంపేస్తాయి.

వాస్తవం: చాలావాటి గురి ఇరుకు. ఆ ఇరుకుతనమే మాకు కావాల్సింది. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత కొందరిలో క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ (పాత పేరు క్లాస్ట్రిడియం డిఫిసిల్) అనే బ్యాక్టీరియా పెరిగిపోయి తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. మనిషి మలంలో దొరికిన ఒక బ్యాక్టీరియా నుంచి ఐర్లండ్ శాస్త్రవేత్తలు 2010లో తురిసిన్ సీడీ అనే బ్యాక్టీరియోసిన్‌ను వెలికితీశారు. ల్యాబ్‌లో పెద్దపేగు నమూనా మీద చూస్తే అది డిఫిసిల్‌ను చంపింది, మిగతా బ్యాక్టీరియాను పెద్దగా కదపలేదు. వాంకోమైసిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ మాత్రం చాలావాటిని చెదరగొట్టాయి.

అపోహ: పెరుగు, ప్రోబయాటిక్ క్యాప్సూల్ ఉంటే యాంటీబయాటిక్ అక్కర్లేదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే మాట ఇదే. చీజ్ పాడవకుండా కలిపే నైసిన్ అనే బ్యాక్టీరియోసిన్‌ను మింగితే మన జీర్ణ ఎంజైములే ముక్కలు చేసేస్తాయి. పైన చెప్పిన ప్లేటు పరీక్షలో జరిగేదే కడుపులోనూ జరుగుతుంది. పైగా ఒకే జాతి బ్యాక్టీరియాలో ఒక రకం ఈ ప్రోటీన్ చేస్తుంది, ఇంకోటి చేయదు. పెరుగు తినండి, నేనూ రోజూ తింటాను. కానీ టైఫాయిడ్‌కు డాక్టర్ రాసిన మాత్రలు మధ్యలో ఆపకండి.

అపోహ: వీటికి నిరోధకత రాదు.

వాస్తవం: వస్తుంది. ప్రోటీన్ అతుక్కునే చోటు మారిపోతే చాలు.

అపోహ: ఈ.కొలి అంటే రోగమే.

వాస్తవం: అన్ని రకాలూ కాదు. 1917లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే వైద్యుడు, తోటివాళ్లకు విరేచనాలు పట్టుకున్నా తనకు రాని ఒక సైనికుడి మలం నుంచి ఒక ఈ.కొలి రకాన్ని వేరుచేశాడు. అది మైక్రోసిన్లు అనే చిన్న బ్యాక్టీరియోసిన్లు చేస్తుంది. ఇనుమును పట్టి తెచ్చే అణువు వేషంలో ఉంటాయవి. ఇనుము కోసం ఆకలిగా ఉన్న దాయాది వాటిని చేతులారా లోపలికి తీసుకుంటుంది.