వొరొంత్సోవ్‌ల కొలువు

చిరంజీవులకు ఆశీస్సులు.

రష్యా చరిత్ర చదువుతుంటే వొరొంత్సోవ్ అనే పేరు మీకు పదేపదే తగులుతుంది. ఎవరు ఎవరో తేల్చుకోవాలంటే పేరు నడుమ ఉండే తండ్రి పేరును పట్టుకోండి. మిఖాయిల్ ఇల్లరియొనోవిచ్ 1741లో ఎలిజవేతా రష్యా చక్రవర్తినిగా గద్దెనెక్కడానికి తోడ్పడి, 1758లో చాన్సలర్ (విదేశాంగ వ్యవహారాల పెద్ద) అయ్యాడు. ఆయన సోదరుడు రొమాన్ కొడుకులే అలెగ్జాండర్ రొమానోవిచ్, సెమ్యోన్ రొమానోవిచ్. సెమ్యోన్ కొడుకు మిఖాయిల్ సెమ్యోనోవిచ్.

ఒకే ఇంట్లో సేనానులూ రాయబారులూ ఎలా పుట్టుకొచ్చారు? 1722లో పీటర్ చక్రవర్తి కొలువులన్నిటినీ 14 మెట్ల పట్టికగా అమర్చాడు. సైన్యంలో ఫీల్డ్ మార్షల్, పౌర కొలువులో చాన్సలర్ ఇద్దరిదీ మొదటి మెట్టే. కులీనుడైనా కొలువు చేస్తేనే హోదా. 1762లో ఈ నిర్బంధం పోయినా వీళ్లు కొలువు మానలేదు.

సెమ్యోన్ 1770లో లార్గా, కగుల్ పోరాటాల్లో తుర్కులతో తలపడ్డాడు. 1785లో లండన్‌కు రాయబారిగా వెళ్లాడు. అతని అసలు పనితనం 1791లో బయటపడింది. రష్యా తుర్కుల నుంచి గెలుచుకున్న ఓచాకోవ్ కోటను వదలకపోతే నౌకాదళం పంపుతానని బ్రిటన్ ప్రధాని పిట్ సిద్ధమయ్యాడు. సెమ్యోన్ కరపత్రాలు రాయించి పంచాడు, పత్రికలకు సమాచారం అందించాడు, ప్రతిపక్షంతో మంతనాలు జరిపాడు. బ్రిటిష్ నౌకలకు కావలసిన జనపనార, కలప రష్యా నుంచే వచ్చేవి కాబట్టి, యుద్ధం వస్తే వ్యాపారం దెబ్బతింటుందన్న మాట వర్తకులకు వెంటనే తలకెక్కింది. పార్లమెంటులో పిట్‌కు మద్దతు సన్నగిల్లింది, హెచ్చరిక వెనక్కి పోయింది, విదేశాంగ మంత్రి రాజీనామా చేశాడు. నా లెక్కలో ఆ ఇంటి గొప్ప గెలుపు ఇదే.

కొడుకు మిఖాయిల్ పెరిగింది లండన్‌లో. 1812లో నెపోలియన్ సేనతో బొరొదినోలో జరిగిన పోరులో అతని గ్రెనేడియర్ డివిజన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అతనూ గాయపడ్డాడు. మాస్కో నుంచి ఇంటి సామాను తరలించడానికి వచ్చిన బళ్లను గాయపడ్డవాళ్లకు ఇచ్చేసి, సుమారు 50 మంది అధికారులను, 300 మంది సైనికులను తన ఎస్టేటులో చికిత్సకు పెట్టాడు.

1845లో కాకసస్ కొండసీమలో మాత్రం లెక్క తప్పాడు. అక్కడ రష్యాను ఎదిరిస్తున్న చెచెన్లు మొదలైన కొండజాతుల నాయకుడు ఇమామ్ షామిల్ తన స్థావరం దార్గోకు తానే నిప్పుపెట్టి తప్పుకున్నాడు. చేతికి చిక్కింది బూడిదే. తిండి నిండుకుంది. రేషన్ తేవడానికి సగం సేన దట్టమైన అడవిలోంచి వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. నరికి అడ్డంగా పడేసిన చెట్ల చాటు నుంచి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కాల్పులు. జనరల్ పస్సేక్ చనిపోయాడు, తెచ్చిన సరుకులో చాలా భాగం దారిలోనే పోయింది. తిరుగుదారిలో తూటాలూ అయిపోతుండగా జనరల్ ఫ్రైతాగ్ వచ్చి మిగిలినవాళ్లను గట్టెక్కించాడు. అప్పటికి మూడు వేల పైచిలుకు మంది చనిపోయో, గాయపడో ఉన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ ఏడే జార్ అతనికి ప్రిన్స్ బిరుదు ఇచ్చాడు.

ఆ తర్వాత మిఖాయిల్ ఒక్క దెబ్బతో తేల్చే ఆలోచన వదిలేశాడు. చలికాలంలో, చెట్లకు ఆకులు లేనప్పుడు అడవి నరికించి, దారులు వేయించి, కోటలు కట్టించుకుంటూ ముందుకు సాగాడు. రష్యన్లకు అది ఫలించింది, చెచెన్ల పల్లెలు మాత్రం నాశనమయ్యాయి. షామిల్ లొంగిపోయింది 1859లో. మిఖాయిల్ సెమ్యోనోవిచ్ అంతకు మూడేళ్ల ముందే కన్నుమూశాడు, ఫీల్డ్ మార్షల్ హోదాలో.

మీ తాతయ్య