గుర్రం బొమ్మల మీద అపోహలు, వాస్తవాలు: ఒక డ్రాయింగ్ మాస్టారి లెక్క

కొన్నేళ్ల కిందట బెంజి సర్కిల్ దగ్గర ఒక అపార్టుమెంటుకు ఏడు గుర్రాల పెయింటింగ్ వేసిచ్చాను. గోడకు తగిలించిన సాయంత్రమే ఇంటావిడ ఫోను. "మాస్టారూ, ఆరే ఉన్నాయండీ!" వెళ్లి చూపించాను. ఏడోది నాలుగోదాని మెడ వెనక ఉంది, చెవులూ కాస్త నుదురూ కనిపిస్తున్నాయి. ఆవిడ సరేనన్నారు. వాళ్ల మామగారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని కాళ్లు లెక్కపెట్టారు. పంతొమ్మిది తేలాయి. "మిగతా తొమ్మిదీ ఏవయ్యా?" అన్నారు. నీళ్లలో ఉన్నాయండీ అన్నాను.

గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసేచోట చేయి తిప్పడం నేర్చుకుని, ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక డ్రాయింగ్ క్లాసులు పెట్టుకున్నవాణ్ణి నేను. గుర్రం బొమ్మ కనపడితే చాలామంది తప్పులు వెతుకుతారు. ఎక్కువసార్లు వాళ్లకు తప్పుగా కనిపించేదే చూడాల్సిన చోటు. తరచూ వినే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: సూర్యుడి రథం అంటే ఏడు గుర్రాలు ఉండి తీరాలి.

ఋగ్వేదంలో ఏడు గుర్రాల మాట ఉంది. గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి అనే ఏడు ఛందస్సులే ఆ గుర్రాలని పురాణం. 13వ శతాబ్దపు కోణార్క్ గుడికి 24 చక్రాలు, ఏడు గుర్రాలు పెట్టారు. కానీ అంతకు వెయ్యేళ్ల పైమాటే ముందున్న బోధ్‌గయ రాతి కంచె మీద సూర్యుడి రథానికి నాలుగే గుర్రాలు, అటు రెండు, ఇటు రెండు. వెడల్పు తక్కువున్న రాతిలో అలా విడదీస్తే నడుమ సూర్యుడు నిండుగా కనపడతాడు. శిల్పికి కావలసింది అదే.

మన హాళ్లలో నీళ్లమీద పరుగెత్తే ఏడు గుర్రాలకు రథమూ ఉండదు, సూర్యుడు ఉంటే వెనకెక్కడో ఉంటాడు. దాని వాస్తు ఫలితం సిద్ధాంతిగారిని అడగండి. నాకు మాత్రం వాటితో ఇంటద్దె గడుస్తోంది.

అపోహ: పరుగెత్తే గుర్రం ముందు కాళ్లు ముందుకి, వెనక కాళ్లు వెనక్కి చాపి గాల్లో తేలుతుంది.

నేనూ బ్యానర్ల మీద ఇలాగే వేసేవాణ్ణి. హీరో గుర్రమెక్కితే దాని నాలుగు కాళ్లూ బ్యానర్ ఆ చివర నుంచి ఈ చివర దాకా. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, జెరికో అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందెం చిత్రంలోనూ (1821) అంతే, గుర్రాలన్నీ నేలను తాకకుండా సాగిపోతుంటాయి.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ ట్రాక్ పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం దారాన్ని తెంపినప్పుడల్లా ఒక కెమెరా క్లిక్‌మంది. నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం నిజంగానే ఉందని తేలింది. కాకపోతే అప్పుడు కాళ్లు చాచి ఉండవు, పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. ఫోన్లో రేసు వీడియో పెట్టుకుని స్లో మోషన్‌లో చూడండి, మీకే తెలుస్తుంది.

మరి జెరికో తప్పు వేశాడా? ఫొటోలోని ఆ ముడుచుకున్న గుర్రాన్ని ఉన్నదున్నట్టు బ్యానర్ మీద దించితే పరుగెత్తుతున్నట్టు ఉండదు, దూకబోయి ఆగిపోయినట్టు ఉంటుంది. నేను ప్రయత్నించే చెబుతున్నాను. రోడాన్ అనే శిల్పి ఈ విషయంలో చిత్రకారుడి పక్షమే. కాలం ఎక్కడా ఆగదు కదా, ఆగినట్టు చూపించే ఫొటోదే అబద్ధం అన్నాడు. పిల్లలకు రెండు రకాలూ వేయిస్తాను. ఎక్కువమందికి జెరికో గుర్రమే వేగంగా కనిపిస్తుంది.

అపోహ: అమరావతి శిల్పంలో గుర్రం మీద మనిషి లేడు, పగిలిపోయి ఉంటుంది.

ఈ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. శిల్పం మన గుంటూరు పక్కనే పుట్టింది. అసలు పలకలు ఎక్కువగా చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, మనం ఫొటోల్లో చూసుకోవాలి. అది సిద్ధార్థుడు అర్ధరాత్రి ఇల్లు విడిచే ఘట్టం. ద్వారం లోంచి ఆయన గుర్రం కంథకం బయటికి వస్తుంటుంది. జీను ఉంది, కళ్లెం ఉంది, వీపు ఖాళీ. ఇప్పుడు కొంచెం పైకి చూడండి. ఆ ఖాళీకి సరిగ్గా పైన ఎవరో గొడుగు పట్టుకుని ఉంటారు. ఎవరూ లేని గుర్రానికి ఎండ లేని వేళ గొడుగెందుకు?

బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా పాదాలు, చక్రం, ఖాళీ సింహాసనం పెట్టడం ఆనాటి పద్ధతుల్లో ఒకటి. ఇదీ అలాంటిదే. అమరావతిలోనే వేరే పలకల మీద ఆయన మనిషిగానూ కనిపిస్తాడు, అంటే చెక్కడం రాక వదిలేసింది కాదు. సాంచి స్తూపం తూర్పు తోరణం మీద ఇదే కథలో గుర్రాన్ని వరసగా నాలుగుసార్లు చెక్కారు. గిట్టల చప్పుడుకు ఊరు లేవకుండా దేవతలు కాళ్లను చేతుల్లో మోస్తుంటారు. చివర గొడుగు పాదముద్రల దగ్గర ఆగిపోతుంది. వెనక్కి వచ్చే గుర్రం మీద గొడుగుండదు. రౌతును ఒక్కసారి కూడా చూపకుండా రౌతు దిగిపోయాడని చెప్పడం, అది చేయి తిరిగినతనం అంటే.

అపోహ: విగ్రహంలో గుర్రం ఎన్ని కాళ్లు ఎత్తితే రౌతు అలా చనిపోయాడని గుర్తు.

రెండు ఎత్తితే యుద్ధంలో మరణం, ఒకటైతే గాయాలతో మరణం అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అలాంటి రూలేమీ లేదు. రోమ్‌లో మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి విగ్రహంలో గుర్రం ఒక కాలు ఎత్తి ఉంటుంది, ఆయన క్రీ.శ. 180లో జబ్బు చేసి పోయాడు. కాళ్ల సంఖ్య తేల్చేది బరువు. కంచు లోపల బోలుగా పోస్తారు కాబట్టి కాలు ఎత్తినా నిలుస్తుంది, పాలరాయి అయితే పొట్ట కింద చెట్టుమొద్దో ఇంకోటో ఊతం పెట్టాల్సిందే. చైనాలో 1969లో దొరికిన హాన్ వంశపు రాజుల కాలపు కంచు గుర్రం ఒక్క గిట్టతో పక్షి మీద నిలబడి ఉంటుంది. మిగతా మూడూ గాల్లోనే. దానికి ఏ చావు రాస్తారో!

అపోహ: ఆ రంగుల గుర్రాలు ఎక్కడా ఉండవు.

మొగలాయి, రాజపుత్ర చిత్రాల్లో తెల్ల గుర్రానికి కాళ్లూ తోకా నారింజ రంగులో ఉంటే రంగు కారిందనుకోకండి. అది గోరింటాకు, నిజంగానే పెట్టేవారు. ఫ్రాన్సులో పెష్ మెర్ల్ గుహలో దాదాపు 25,000 ఏళ్ల నాటి చుక్కల గుర్రాలున్నాయి. ఏదో మంత్రతంత్రాల ఊహ అనుకునేవారు చాలామంది. 2011లో పాత ఎముకల డీఎన్ఏ పరీక్షిస్తే అలాంటి మచ్చల జన్యువు ఆ కాలపు గుర్రాల్లో కొన్నిటికి ఉందని తేలింది. గుహలో గీసినవాడు చూసిందే గీసి ఉండొచ్చన్నమాట.

జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1911లో వేసిన నీలం గుర్రాలు మాత్రం ఎక్కడా లేవు. నీలాన్ని ఆయన ఆధ్యాత్మికమైన రంగు అనుకున్నాడు, అందుకే వేశాడు. నాకు ఆ బొమ్మల్లో రంగు కంటే వంగిన మెడలు ఇష్టం.

అపోహ: అచ్చం గుర్రంలా ఉంటేనే గొప్ప.

ఇంగ్లండులో స్టబ్స్ అనే చిత్రకారుడు పద్దెనిమిది నెలలు గుర్రాల కళేబరాలు కోసి, కండరాలు ఒక్కొక్కటీ గీసుకుని 1766లో పుస్తకం వేశాడు. ఆయన వేసిన విజిల్‌జాకెట్ అనే పందెపు గుర్రం బొమ్మ నిలువెత్తు ఉంటుంది, వెనక చెట్టూ చేమా ఏమీ లేదు, నరాలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆయన ముందు ఎవరైనా దండం పెట్టాలి.

అయితే మా ఇంట్లో కొండపల్లి దశావతారాల సెట్టు ఉంది. కల్కి గుర్రం కాళ్లు రోకళ్లలా ఉంటాయి. ఒకసారి మా అబ్బాయి దాన్ని కింద పడేస్తే మెడ దగ్గర విడిపోయింది. అప్పుడు చూశాను, తల విడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికించారు. తెల్లపొణికి చెక్క దూదిలా తేలిక. అందులో స్టబ్స్ గుర్రానికున్నంత సన్నటి కాళ్లు తీస్తే పిల్లలు ఒక పూట కూడా ఉంచరు. మెడ ఊడింది గానీ, కాళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.