కరెంటు బిల్లు మీద సిటీ పన్ను: కాలిఫోర్నియాలో మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఏ ఊరి కౌన్సిల్ అయినా యూటిలిటీ యూజర్స్ ట్యాక్స్ మాట ఎత్తిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపులు మోగిపోతాయి. "కరెంటు రేట్లు పెంచింది చాలక మళ్ళీ ట్యాక్సా?" అని ఒకరు, "పోలీసుల కోసమట, పోనీలే కడదాం" అని ఇంకొకరు, "మనకేమైనా ఓటుందా, మనకెందుకులే" అని మరొకరు. నేను ఈ రాష్ట్రంలో నగరాల ఆదాయ లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఈ పన్నుకు ఓటేయమనో, వేయొద్దనో చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ ఎవరిని, ఎప్పుడు, ఏం అడగాలో తెలియక మనవాళ్ళు మాట్లాడాల్సిన సమయం దాటిపోయాక మాట్లాడుతున్నారు. అది చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. ఇది ఇంట్లో వాడుకునే సేవల మీద నగరం వేసే పన్ను. కరెంటు, గ్యాస్, ఫోన్, కేబుల్ టీవీ, నీళ్ళు, కొన్నిచోట్ల చెత్త, డ్రైనేజీ మీద కూడా వేస్తారు. రాష్ట్రంలో 480కి పైగా నగరాలుంటే సుమారు 150 నగరాల్లో ఇది ఉంది. రేటు ఊరికో రకం. కరెంటు మీద సన్నీవేల్‌లో 2 శాతం, దాని పక్కనే ఉన్న మౌంటెన్ వ్యూలో 3 శాతం, శాన్ హోసేలో 5, ఓక్లండ్‌లో 7.5. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్ళకు 10 శాతం, వ్యాపారాలకు 12.5 శాతం. శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే ఇళ్ళ కరెంటు, గ్యాస్, నీళ్ళకు ఈ పన్ను లేదు, వ్యాపారాలకే ఉంది.

అపోహ: ఈ పన్ను కరెంటు కంపెనీ వేస్తుంది

కంపెనీ వసూలు మాత్రమే చేస్తుంది. కరెంటు, గ్యాస్ ఇచ్చే పీజీ అండ్ ఈ కంపెనీ బిల్లు చివరి పేజీల్లోకి వెళ్ళి చూడండి. వాడకం లెక్కలన్నీ అయ్యాక కింద రెండు చిన్న వరసలుంటాయి. ఎనర్జీ కమిషన్ ట్యాక్స్ అని ఉన్నది రాష్ట్రానిది, కొన్ని సెంట్లే ఉంటుంది. ఊరి పేరుతో, పక్కనే శాతంతో ఉన్నది సిటీది. శాన్ హోసేలో 240 డాలర్ల కరెంటు చార్జీకి అక్కడ 12 డాలర్లు పడుతుంది. ఆ 12 డాలర్లు కంపెనీ ఖాతాలో ఉండవు, నగరానికి జమ అవుతాయి. కంపెనీకి ఫోన్ చేసి గంటసేపు వాదించినా అక్కడున్న మనిషి చేయగలిగింది ఏమీ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో కరెంటు బిల్లు మీద కనిపించే విద్యుత్ సుంకానికి అలవాటుపడ్డ మనకు ఇదీ అలాంటిదే అనిపిస్తుంది. అక్కడ అది రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. ఇక్కడ మీ వీధి దీపాలు, లైబ్రరీ, ఫైర్ స్టేషన్ చూసుకునే ఊరికే పోతుంది. అందుకే ఇక్కడ అడగాల్సింది రాష్ట్ర రాజధాని శాక్రమెంటోను కాదు, మీ కౌన్సిల్‌ను.

అపోహ: కౌన్సిల్ ఒక రాత్రి కూర్చుని వేసేస్తుంది

ఒకప్పుడు అలాగే జరిగేది. 1978 జూన్‌లో ఓటర్లు ప్రాపోజిషన్ 13 (రాష్ట్రమంతా ఓటు వేసి తెచ్చుకునే చట్టాన్ని ప్రాపోజిషన్ అంటారు) ఆమోదించాక ఆస్తి పన్ను ఇంటి విలువలో 1 శాతానికి పరిమితమైంది. ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువను ఏటా 2 శాతానికి మించి పెంచడానికి వీల్లేదు. నగరాల ఆదాయానికి ఒక్కసారిగా కళ్ళెం పడింది. అవి వేరే దారులు వెతుక్కున్నాయి, అందులో ఈ పన్ను ఒకటి. ఇప్పుడున్న పాత పన్నుల్లో చాలా వాటిని కౌన్సిళ్ళు తమ ఓట్లతోనే వేశాయి.

1996 నవంబరులో వచ్చిన ప్రాపోజిషన్ 218 ఆ తలుపు మూసేసింది. అప్పటినుంచి కొత్త పన్ను వేయాలన్నా, ఉన్న రేటు పెంచాలన్నా ఓటర్లు ఒప్పుకోవాలి. నగర సాధారణ ఖర్చులకైతే కౌన్సిల్ సభ్యుల ఎన్నిక జరిగే బ్యాలెట్ మీదే పెట్టాలి. మధ్యలో పెట్టాలంటే కౌన్సిల్ మొత్తం ఏకగ్రీవంగా అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. అసలు బ్యాలెట్ మీదికి ఎక్కించడానికే మామూలుగా కౌన్సిల్‌లో మూడింట రెండు వంతుల మంది కావాలి. ఏడుగురున్న కౌన్సిల్‌లో ఐదుగురు, ఐదుగురున్న చోట నలుగురు. అంటే ఐదుగురి కౌన్సిల్‌లో ఇద్దరు కాదంటే కథ అక్కడితో ఆగిపోతుంది.

అయితే "ఎలాగూ ఓటర్లే తేలుస్తారు కదా, నవంబరులో చూద్దాం" అని కూర్చోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఈ రాతలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. నవంబరులో మీ ముందుండేది అవును, కాదు, అంతే. రేటు ఎంత, ఏ సేవల మీద, పెద్ద వాడకందారులకు గరిష్ఠ పరిమితి పెట్టాలా, పేదలకు మినహాయింపు ఇవ్వాలా, ఎన్నేళ్ళు ఉండాలి అన్నవన్నీ ఆర్డినెన్స్‌లో, అంటే నగరం చేసే చట్టంలో, ముందే రాసేస్తారు. ఎన్నికకు 88 రోజుల ముందు ఆ కాగితాలు కౌంటీ ఎన్నికల కార్యాలయానికి చేరాలి. నవంబరు ఎన్నికకైతే అది ఆగస్టు మొదట్లో వస్తుంది. జులైలో చాలా కౌన్సిళ్ళు సెలవు తీసుకుంటాయి. కాబట్టి అసలు చర్చ మే, జూన్ నెలల్లో జరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే మనవాళ్ళలో సగం మంది పిల్లల సెలవులకు ఇండియా ప్రయాణంలో ఉంటారు. తిరిగొచ్చి తపాలా పెట్టెలో కరపత్రం చూసి కోప్పడేసరికి ఒక్క అక్షరం కూడా మార్చడానికి ఉండదు.

కౌన్సిల్ సమావేశానికి వెళ్ళేముందు ఏం చదవాలంటారా? మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా బయట పెట్టాలని బ్రౌన్ యాక్ట్ అనే రాష్ట్ర చట్టం చెబుతోంది. అందులో ఈ పన్ను అంశం కింద స్టాఫ్ రిపోర్ట్, అంటే నగర సిబ్బంది రాసిన నివేదిక, ఉంటుంది. అది తెరిచి మొదటి పేజీలోని ప్రశంసలు వదిలేయండి. నేరుగా చివర జతచేసిన ఆర్డినెన్స్‌కు వెళ్ళి నిర్వచనాలు, మినహాయింపులు, ముగింపు తేదీ చూడండి. అసలు సరుకంతా అక్కడుంటుంది.

అపోహ: పోలీసులకని అడిగారు కాబట్టి పోలీసులకే ఖర్చు పెట్టాలి

ఇది చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా నమ్మే మాట. ఇక్కడ రెండు రకాల పన్నులున్నాయి. ఒకటి జనరల్ ట్యాక్స్. సగానికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే గెలుస్తుంది, డబ్బు నగరం సాధారణ ఖర్చుల ఖాతా అయిన జనరల్ ఫండ్‌లో కలుస్తుంది, ఏటా బడ్జెట్‌లో కౌన్సిల్ ఎటు కావాలంటే అటు మళ్ళించవచ్చు. రెండోది స్పెషల్ ట్యాక్స్. ఫలానా పనికే అని చట్టంలో కట్టేస్తారు, కానీ కౌన్సిల్ పెట్టిన ప్రతిపాదన గెలవాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. ఆ రెండు వంతులు తెచ్చుకోవడం ఎంత కష్టమో నగరాలకు తెలుసు. అందుకే దాదాపు అన్నీ మొదటి దారే పడతాయి. బ్యాలెట్ మీద "911 స్పందన, గుంతల మరమ్మతు, లైబ్రరీ వేళలు వంటి సేవలకు" అని ఉంటుంది. ఆ "వంటి" అన్న చోట ఆగండి. ఆ జాబితా ఆశ మాత్రమే, కట్టుబాటు కాదు.

ఇది మోసం అనను. జనరల్ ఫండ్‌లో పెద్ద వాటా నిజంగానే పోలీసు, ఫైర్ జీతాలకే పోతుంది. ఈ పన్ను ఉన్న నగరాల్లో సగటున జనరల్ ఫండ్‌లో 15 శాతం దాకా దీనినుంచే వస్తుంది. కానీ "పర్యవేక్షణ కమిటీ ఉంది కదా" అని ధీమా పడకండి. ఆ కమిటీ లెక్కలు చూసి నివేదిక ఇస్తుంది, ఖర్చును ఆపే అధికారం దానికి ఉండదు. పోలీసులకే కావాలని మీరు గట్టిగా అనుకుంటే "స్పెషల్ ట్యాక్స్‌గా ఎందుకు పెట్టడం లేదు?" అని మే నెలలోనే అడగండి. ఆ ప్రశ్నకు మేయర్ చెప్పే జవాబు వింటే మీకు చాలా తెలుస్తుంది.

అపోహ: రేటు పెరగలేదు, కాబట్టి పన్ను పెరగలేదు

శాతం అదే ఉంటుంది, కింద చార్జీ పెరుగుతుంది. అదే వాడకానికి 200 ఉన్న బిల్లు 300 అయితే 5 శాతం పన్ను 10 డాలర్ల నుంచి 15 అవుతుంది. దానికి ఎవరూ ఓటేయరు, ఏ కౌన్సిలూ చేయి ఎత్తదు. ఇటీవలి ఏళ్ళలో కరెంటు రేట్లు ఎలా ఎక్కాయో ఇక్కడున్న వాళ్ళకు చెప్పక్కర్లేదు. నగరానికి మాత్రం అది అడక్కుండా వచ్చిన ఆదాయం. కొత్త పన్ను గురించి మాట్లాడే కౌన్సిల్‌ను "ఉన్న పన్ను మీద గత ఐదేళ్ళలో ఎంత అదనంగా వచ్చింది?" అని అడగడం పూర్తిగా న్యాయమైన ప్రశ్న. రెండో వైపు కూడా చూడాలి. ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళ బిల్లు తగ్గితే పన్నూ తగ్గుతుంది. ఫోన్ల మీద ఆదాయం కూడా ఏటా కరుగుతోంది.

అపోహ: ఫోన్ మీద పన్ను ఎక్కడ మాట్లాడితే అక్కడిది, ఇంటర్నెట్‌కూ పడుతుంది

రెండూ తప్పే. సెల్‌ఫోన్‌కు మీరు ముఖ్యంగా వాడే చోటు, అంటే ఇల్లో ఆఫీసో, అదే లెక్క. 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం అలా నిర్ణయించింది. ఇల్లు మారినప్పుడు ఫోన్ కంపెనీలో చిరునామా మార్చకపోతే పాత ఊరి పన్ను కడుతూనే ఉంటారు. ఇంటర్నెట్ కనెక్షన్ మీద పన్ను వేయకుండా ఫెడరల్ చట్టం అడ్డుకుంటుంది. మీ బిల్లులో ఇంటర్నెట్ వరస మీద కూడా ఈ శాతం పడి ఉంటే కంపెనీని, ఆపై సిటీ ఫైనాన్స్ విభాగాన్ని అడగండి.

ఫోన్ల విషయంలో నగరాలు గట్టిగానే దెబ్బతిన్నాయి. పాత ఆర్డినెన్స్‌లు ఫెడరల్ ఎక్సైజ్ పన్ను నిర్వచనాన్ని ఆధారం చేసుకున్నాయి. 2006లో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ దూరప్రాంత కాల్స్‌పై ఆ పన్ను ఆపేయడంతో ఆ ఆధారమే కదిలింది. లాస్ ఏంజెలెస్ మీద వేసిన కేసులో నగరం చివరికి 9.25 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. 2008 ఫిబ్రవరిలో అదే నగరం ఓటర్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ పన్నును 10 నుంచి 9 శాతానికి తగ్గించి, నిర్వచనాన్ని కొత్తగా రాయించుకుంది. "రేటు తగ్గిస్తున్నాం" అనే ప్రతిపాదన వచ్చినప్పుడు నిర్వచనం విస్తరిస్తోందేమో కూడా చూడాలనేది అందుకే.

అపోహ: మనం సిటిజన్లం కాదు, మనకు సంబంధం లేదు

హెచ్1బీ మీద ఉన్న కుటుంబం కూడా ఈ పన్ను ప్రతి నెలా కడుతుంది. ఓటు లేదు, అది నిజం. వీసా, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు ఓటరు నమోదు ఫారం పొరపాటున కూడా సంతకం పెట్టకూడదు. ఇమిగ్రేషన్ పరంగా అది చాలా ప్రమాదం. వీసా మీద ఉన్నవాళ్ళు ప్రతిపాదనల ప్రచారానికి చందా కూడా ఇవ్వకండి.

మాట్లాడే హక్కు మాత్రం పూర్తిగా ఉంది. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. సమావేశానికి రావాలంటే పేరు రాయాల్సిందే అని షరతు పెట్టడానికి కూడా చట్టం ఒప్పుకోదు. మామూలుగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు, అది చాలు. నేను కూర్చున్న ఒక సమావేశంలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఒక తెలుగు అమ్మాయి తన బిల్లు పట్టుకుని లేచింది. "మీ రిపోర్ట్‌లో సగటు ఇల్లు అని రాశారు, అది సొంతిల్లా, అపార్ట్‌మెంటా?" అని ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంది. సిబ్బంది దగ్గర జవాబు లేదు. అద్దె ఇళ్ళ లెక్క, తక్కువ ఆదాయం వాళ్ళ లెక్క విడిగా తెమ్మని కౌన్సిల్ వాళ్ళను వెనక్కి పంపింది. మా తెలుగు సంఘం తరఫున ఫలానా పన్నును ఖండిస్తున్నాం అనే ఉపన్యాసం కన్నా అలాంటి ప్రశ్న పదింతలు పనిచేస్తుంది.

అపోహ: అందరి మీదా సమానంగా పడుతుంది

శాతం సమానమే, బరువు సమానం కాదు. పాత ఫ్రిజ్, పగుళ్ళ కిటికీలు ఉన్న అద్దె ఇంట్లో తక్కువ జీతంతో బతికేవాళ్ళకు బిల్లు వాళ్ళ ఆదాయంలో పెద్ద భాగం. నా మటుకు నాకు, కరెంటు, గ్యాస్ బిల్లుల్లో రాయితీ ఇచ్చే కేర్ పథకంలో ఉన్న తక్కువ ఆదాయం కుటుంబాలకు మినహాయింపు లేని ప్రతిపాదన బ్యాలెట్ దాకా రాకూడదు. లాస్ ఏంజెలెస్‌లో 62 ఏళ్ళు దాటినవాళ్ళకు, వికలాంగులకు ఆదాయ పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. దానికి దరఖాస్తు పెట్టుకోవాలి, దానంతట అది రాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మీ ఊరి ఫైనాన్స్ విభాగానికి ఒక్కసారి ఫోన్ చేయండి.

అపోహ: "లైబ్రరీ మూసేస్తాం" అనేవి ఉత్త బెదిరింపులు

సలీనాస్ నగరం కథ చూడండి. 2002లో ఈ పన్నును ఎత్తేయాలని కొందరు పౌరులు మెజర్ ఓ అనే ప్రతిపాదనను బ్యాలెట్ మీదికి తెచ్చారు. అది గెలిస్తే ఏయే సేవలు కోయాల్సి వస్తుందో కౌన్సిల్ ముందే తీర్మానించి, జనానికి పంచింది. ప్రజల సొమ్ముతో ప్రచారం చేశారని కేసు పడింది. 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు నగరం పక్షాన తీర్పు చెప్పింది. నిజాలు తెలియజేయడం తప్పు కాదు, ఇలా ఓటేయండి అని నగరం సొమ్ముతో ప్రచారం చేయడం తప్పు అని గీత గీసింది. మెజర్ ఓ ఓడిపోయింది. పన్ను నిలిచినా ఆ తర్వాత రెండేళ్ళకే సలీనాస్ లైబ్రరీలు మూతపడే దాకా వెళ్ళాయి. 2005 నవంబరులో ఓటర్లు అమ్మకం పన్ను అర శాతం పెంచుకున్నాకే అవి కుదుటపడ్డాయి. కాబట్టి నగరం కోతల జాబితా చూపిస్తే నవ్వి వదిలేయకండి, ప్రతి వరస పక్కనా ఎన్ని డాలర్లో రాయమనండి.

అపోహ: ఒకసారి వేస్తే ఇక పోదు

ఓటర్లే సంతకాలు సేకరించి తగ్గించే, రద్దు చేసే హక్కు ప్రాపోజిషన్ 218లోనే ఉంది. సలీనాస్‌లో జరిగింది ఆ ప్రయత్నమే. ముగింపు తేదీతో వచ్చే పన్నులూ ఉన్నాయి. హేవర్డ్ నగర ఓటర్లు 2009లో 5.5 శాతం పన్నును పదేళ్ళకు ఒప్పుకున్నారు. గడువు ఇంకా మూడేళ్ళు ఉండగానే, 2016 జూన్‌లో, నగరం మళ్ళీ అడిగింది. ఓటర్లు మరో 20 ఏళ్ళు పొడిగించారు. మీ ఊరి ఆర్డినెన్స్‌లో ముగింపు తేదీ ఉంటే దాన్ని క్యాలెండర్‌లో రాసుకోండి, కానీ చర్చ ఆ తేదీకి రెండు మూడేళ్ళ ముందే వస్తుందని లెక్కేసుకోండి. బ్యాలెట్ మీద సంవత్సరం బదులు "ఓటర్లు రద్దు చేసేవరకు" అని ఉంటే ముగింపు తేదీ లేదని అర్థం.